గోదావరీమండలపు సుబ్బారావులు

మార్గశిర శుద్ధ షష్ఠినాడు గోదావరీ కృష్ణా మండలముల పల్లెలలో సుబ్బారాయుని తీర్థము జరుగును. పంచాంగమునందు సుబ్రహ్మణ్యషష్ఠి యని వ్రాసియున్నను జనులు మాత్రము సుబ్బారాయుని షష్ఠి యనియే వ్యవహరింతురు. అత్తిలియందును, తూర్పుచాళుక్యులనాటి దేవాలయములు గల బిక్కవోలునందును ఆనాడు క్రిక్కిఱిసిన జనసమ్మర్దము నడుమ దర్శనము చేసికొనువారిలో సగముమంది మ్రొక్కుబడి తీర్చుకొనుటకు వచ్చినవారే యుందురు. అంతకు ముందు కార్తిక శుద్ధ చతుర్థినాడు, అనగా నాగులచవితికి, ఆడువారు తెల్లవాఱుజామున స్నానముచేసి పుట్టకడకు పోయి, కన్నులో పాలు పోసి, చిమ్మిలియు చలిమిడియు నివేదించి, పుట్టమన్ను బిడ్డల చెవులకు పూసి వత్తురు. సంతానము లేనివారును, కలిగిన సంతానము నిలువనివారును నాగరూపమున పూజలందుకొను ఈ సుబ్బారాయునికి మ్రొక్కుకొనుటయు, మ్రొక్కు ఫలించి బిడ్డ కలిగినచో ఆ బిడ్డకు స్వామిపేరే పెట్టుకొనుటయు తీరాంధ్రమున తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కృష్ణామండలమందలి మోపిదేవిలో స్వామి లింగరూపమున వెలసియున్నాడు. అక్కడ పుట్టువెండ్రుకలు తీయించి, చెవులు కుట్టించి, పేరు పెట్టుకొని వచ్చిన కుటుంబములకు లెక్కలేదు. మగబిడ్డ యైనచో సుబ్బయ్య, సుబ్బన్న, సుబ్బరాయుడు, సుబ్బారావు. ఆడుబిడ్డ యైనచో సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి. నాగేశ్వరరావు, నాగమ్మ మొదలగు పేరులు ఈ మ్రొక్కునకే మఱియొక శాఖగా నెంచవచ్చును.

ఈ పేరు ఇంతగా వ్యాపించుటకు మ్రొక్కు ఒక్కటియే కారణము కాదు. తాతపేరు మనుమనికి పెట్టుట మనలో సంప్రదాయము గనుక, ఒక యింట ఒకమాఱు ప్రవేశించిన పేరు తరము విడిచి తరము మరల వచ్చుచునే యుండును. అన్నదమ్ములు నలుగురుండి నలుగురును తండ్రిపేరునే తమ కుమారులకు పెట్టుకొన్నయెడల, ఒకే ఇంటిపేరుతో నలుగురు సుబ్బారావులు ఒకే ఊర పెరుగుదురు. కోడండ్రు మామగారి పేరును పెదవిపై రానీయని కాలమది. కావున బిడ్డకు పేరు సుబ్బారావే యైనను ఇంట వానిని అబ్బాయి యనియో, బాబు అనియో, పంతులు అనియో పిలుచుకొనెడివారు. బడిలో చేర్చునాడు గాని ఆ బాలునికి తన నామధేయము సంపూర్ణముగా వినబడెడిది కాదు. పేరు చివరనున్న ‘రావు’ కూడ పందొమ్మిదవ శతాబ్దమున బలపడినదే. వెనుకటి తరములలో రాజు, మంత్రి, అన్న, అయ్య అని ముగిసిన నియోగిపేరులు, కచేరీలలోను కోర్టులలోను ఉద్యోగములు పెరిగినకొలది రావు అనియు, పంతులు అనియు మాఱినవి. కరణముల యిండ్లలో బలపడిన ఈ యలవాటు క్రమముగా తక్కిన కులములయందును వ్యాపించి, ఇరువదవ శతాబ్దమునాటికి సుబ్బారావు అనునది ఏ కులమునకును ప్రత్యేకము గాని సామాన్యనామ మయ్యెను.

పేరు ఇట్లు సామాన్యమైనపుడు మనిషిని మనిషినుండి వేఱుచేసి చూపునది ఇంటిపేరు. మన పూర్వులు దానిని ముందు నిలుపుటలో గొప్ప వివేకము కలదు. తల్లాప్రగడ, న్యాపతి, యల్లాప్రగడ, నండూరి, రాయప్రోలు, కోకా, ఆదుర్తి అని ముందు వినబడినంతనే వెనుక వచ్చు సుబ్బారావు ఎవరో తెలిసిపోవును. ఇంగ్లీషు కచేరీల పద్ధతి వచ్చినది. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా కుదించుకొని పోయినది. టి. సుబ్బారావు, ఎన్. సుబ్బారావు, వై. సుబ్బారావు, కె. సుబ్బారావు అని కాగితములకెక్కిన ఆ పొడి అక్షరముల చాటున ఎంతటివారు మఱుగుపడిరో తలచుకొన్నప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. ఒక్క గోదావరీతీరమున, ఇంచుమించు అఱువది సంవత్సరముల వ్యవధిలో, ఈ ఒక్క పేరుతో పుట్టినవారు తత్త్వశాస్త్రమునందు, రాజకీయములందు, వైద్యశాస్త్రమునందు, కవిత్వమునందు, న్యాయశాస్త్రమునందు, చలనచిత్రకళయందు అగ్రస్థానముల నలంకరించిరి. వారి కథలు వేఱువేఱుగా పుస్తకములలో నున్నవి; కాని ఒకచోట చేర్చి చూచినప్పుడు ఆ కాలపు గోదావరీమండలముయొక్క స్వరూపము మఱియొక విధముగా గోచరించును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. నాలుగేండ్లకు, 1856లో, ఇద్దఱు సుబ్బారావులు జన్మించిరి. న్యాపతివారు జనవరిలో, తల్లాప్రగడవారు జూలైలో. ఇద్దఱును మదరాసులో చదివిరి, ఇద్దఱును న్యాయవాదులైరి, ఇద్దఱి పేరులును మదరాసులో ఆ దినములలో వెలసిన మహాసంస్థల చరిత్రలలో చేరినవి. అయినను వారి జీవితములకు గల భేద మింతింత యనరాదు.

తల్లాప్రగడ సుబ్బారావుగారిది కాకినాడ. పసితనముననే తండ్రి గతించగా, పిఠాపురము రాజావారికి దివానుగా నుండిన మేనమామ వీరిని పెంచెను. కాకినాడలో చదువు ముగించుకొని, 1872లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1876లో పట్టపరీక్షయందు ప్రథముడుగా నిలిచిరి. సర్ టి. మాధవరావుగారు బరోడాలో ఉద్యోగ మిప్పించగా అక్కడ ఒక యేడాది పనిచేసి తిరిగి వచ్చి, న్యాయపరీక్షనిచ్చి మదరాసు హైకోర్టులో వకీలైరి. ఇంతవఱకు ఆ కాలపు బుద్ధిమంతుడైన ఏ యువకుని చరిత్రయైనను ఇట్లే యుండును. 1881లో దివ్యజ్ఞానసమాజపు పత్రికలో ద్వాదశరాశులను గూర్చి వీరు ప్రకటించిన వ్యాసము ఆ సమాజస్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ మదామునకు ఆశ్చర్యము కలిగించెను. ఉత్తరప్రత్యుత్తరములు జరిగినవి, మదరాసునకు రమ్మని వీరు ఆహ్వానించిరి, 1882లో ఆమెయు సహస్థాపకుడైన ఆల్కాట్ దొరయు వచ్చిరి. అప్పటివఱకు బొంబాయిలోనున్న సమాజపు ప్రధానస్థానము ఆ సంవత్సరాంతమున అడయారునకు తరలినది. అడయారు నది యొడ్డునున్న ఆ తోటలో నేడు తిరుగువారిలో, ఆ స్థలము సమాజమునకు దక్కుటకు కాకినాడ వకీలు ఒకరు కారణభూతులని యెఱిగినవారు మిక్కిలి తక్కువగా నుందురు.

1886 డిసెంబరులో అడయారు మహాసభలో వీరు భగవద్గీతపై నాలుగు ఉపన్యాసములిచ్చిరి. కాగితము చూడక ధారాళముగా జరిగిన ఆ ప్రసంగములను వినువారు వ్రాసికొని తరువాత గ్రంథముగా ప్రకటించిరి. మానవుని తత్త్వము ఏడు విధములని బ్లావట్‌స్కీ మదాము చెప్పగా, వీరు మన వేదాంతసంప్రదాయమును బట్టి నాలుగు విధములనియే నిలిచిరి. ఆమె తన మహాగ్రంథపు వ్రాతప్రతిని దిద్దుమని పంపగా దానిని స్వీకరింపకపోయిరి. 1888లో సమాజము నుండి వైదొలగిరి. ఇరువురిలో ఎవరిది సరియైనదో నిర్ణయించుట నా పని కాదు. కాని ప్రపంచమంతయు ఆశ్చర్యముతో వినుచుండిన గురుస్థానీయురాలి యెదుట ముప్పదియేండ్లైన తెలుగువాడు తన శాస్త్రము చెప్పినదానిని విడువక నిలుచుట సామాన్యమైన ధైర్యము కాదు. చర్మవ్యాధి ముదిరి, 1890 జూన్ 24న, ముప్పదినాలుగవ యేడు నిండకయే వారు దేహము చాలించిరి. పాశ్చాత్యదేశముల దివ్యజ్ఞానగ్రంథములలో నేటికిని వారు టి. సుబ్బారావు. ఆ ‘టి’ యనునది తల్లాప్రగడ యని తెలిపిననాడు గదా వారు మన కాకినాడవారని తెలుగు చదువరికి తోచుట!

న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఎనుబదియైదేండ్లు జీవించిరి. ముత్తుస్వామి అయ్యరుగారిని మదరాసు హైకోర్టు న్యాయాధిపతిగా నియమించినందుకు ఆంగ్లేయుల పత్రికలు నోటికి వచ్చినట్లు వ్రాయుచుండగా, దానికి సమాధానము చెప్పు పత్రిక దేశీయులకు లేదని ఆరుగురు యువకులు కలసి 1878 సెప్టెంబరు 20న హిందూ పత్రికను వారపత్రికగా వెలువరించిరి. ఆ ఆరుగురిలో న్యాయశాస్త్రము చదువుచున్న న్యాపతివారు ఒకరు. అప్పు తెచ్చిన రూపాయి పన్నెండు అణాలతో ఎనుబది ప్రతులు అచ్చువేసినారని ప్రసిద్ధి. చదువు ముగిసిన పిదప వారు రాజమహేంద్రవరము చేరి న్యాయవాదిగా స్థిరపడిరి. తక్కినవారు మదరాసులో పత్రికను పెంచి పెద్దచేయగా, వీరు గోదావరియొడ్డున మఱియొక విధమైన కృషి కారంభించిరి.

ఆనాటి రాజమహేంద్రవరము వీరేశలింగము పంతులుగారి పట్టణము. వితంతువివాహములు, బాలికాపాఠశాలలు, పత్రికలు, ప్రహసనములు, వీథివీథిని వాదములు. ఆ యావరణమున న్యాపతివారు చింతామణి పత్రికను పోషించి, నవలలకు పోటీలు పెట్టించి బహుమానము లిప్పించిరి. చిలకమర్తివారి రామచంద్రవిజయము ఆ పోటీయందు బహుమతి పడసినదే. తెలుగు నవల తన కాళ్లపై తాను నిలుచుటకు పూర్వము దానికి చేయూతనిచ్చినవారిలో ఈ రాజకీయవేత్త యొకరని మన సాహిత్యచరిత్రలలో ఇంకను గట్టిగా చెప్పవలసి యున్నది. మదరాసు శాసనమండలిలోను, సామ్రాజ్య శాసనమండలిలోను సభ్యులుగా నుండిరి. 1914 మొదలు 1917 వఱకు భారత జాతీయ మహాసభకు ప్రధానకార్యదర్శులలో ఒకరుగా నుండిరి. 1913లో బాపట్లలో ఆరంభమైన ఆంధ్రమహాసభ మరుసటి యేట బెజవాడలో జరిగినపుడు అధ్యక్షత వహించినది వీరే. మదరాసులో జాతీయపత్రికకు పురుడుపోసిన చేతులే ముప్పదియాఱేండ్ల తరువాత ఆంధ్రోద్యమమునకు ఊతమిచ్చినవి. 1941 జనవరిలో వారు పరమపదించునాటికి, వారితో ఒకే యేట పుట్టిన తల్లాప్రగడవారు గతించి ఏబదియేండ్లు దాటినది.

ఇక 1895. ఆ సంవత్సరమునను ఇద్దఱు సుబ్బారావులు. జనవరి 12న భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆ యేటనే ఏలూరునకు సమీపమందలి వసంతవాడలో నండూరి వేంకట సుబ్బారావుగారు. ఒకరు ఖండాంతరములు దాటి తిరిగి రాలేదు. ఒకరు చదువు ముగిసిన పిదప ఏలూరు విడిచి దూరము పోలేదు.

యల్లాప్రగడవారి జీవితము చదువునపుడెల్ల నాకు ఆగి ఆగి చదువవలసివచ్చును. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత ఉద్యోగము విడిచిరి. ఇల్లు గడచుట కష్టముగా నుండెను. పదుమూడేండ్ల బాలుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పాఱిపోగా, తల్లి వేంకమ్మగారు వెదకి పట్టి తెచ్చి మరల బడిలో కూర్చుండబెట్టెను. రాజమహేంద్రవరమునను, పిదప మదరాసు హిందూ ఉన్నతపాఠశాలయందును చదివి, మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. రామకృష్ణమఠమున చేరి సన్యసింపవలెనని తలచిరి, తల్లి యొప్పుకొనలేదు. మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించి, గాంధీమహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్సకు సయితము ఖద్దరు ధరించి పోయిరి. ఆచార్యునకు అది సరిపడలేదు. పరీక్షలు వ్రాసిన పిదప వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రము వచ్చినది. ఇంతలో ఇద్దఱు సోదరులు కొద్దికాలపు వ్యవధిలో ‘స్ప్రూ’ యను వ్యాధివలన మరణించిరి. పేగులు ఆహారమును గ్రహింపక, రక్తము క్షీణించి మనిషి కృశించి పోవు వ్యాధి యది. ఆనాటి వైద్యులకు దానికి మందు తెలియదు.

మదరాసు ఆయుర్వేదకళాశాలలో ఆచంట లక్ష్మీపతిగారికడ కొంతకాలము బోధించి, మామగారి సాహాయ్యముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన మాటతోను, 1923లో బోస్టను చేరిరి. అచ్చట రాత్రివేళ ఆసుపత్రిలో పాచిపని చేయుచు హార్వర్డునందు చదివిరి. 1925లో ఫిస్క్ అను ఆచార్యునితో కలసి రక్తములోను మూత్రములోను నున్న భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ద్రవమున భాస్వర మెంత యున్నచో అంత నీలిరంగు తేలును. ఆ రంగును బట్టి పరిమాణమును నిర్ణయింతురు. ఫిస్క్ సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచపు ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది. ఆ కొలతతోనే 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేఱుచేసిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. కండరమునకు శక్తి ఎచ్చటినుండి వచ్చునను ప్రశ్నకు అంతవఱకు పెద్దలు చెప్పుచుండిన సమాధానము దీనితో తారుమాఱైనది. హార్వర్డులో మాత్రము వారికి శాశ్వతమైన స్థానము లభింపలేదు.

1940లో న్యూయార్కు సమీపమందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనశాఖకు అధిపతియైరి. తరువాతి ఎనిమిదేండ్లలో అక్కడినుండి వెలువడినవానిని తలచుకొన్నచో ఒక్క మనుష్యుని ఆధ్వర్యమున ఇంతపని యెట్లు జరిగెనని విస్మయము కలుగును. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదియే మందు. ఇరువదియైదేండ్లు వెదకిన వస్తువది. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు పదార్థములను వారి బృందము సిద్ధపఱచి యీయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు వానిని రక్తపుక్యాన్సరుతో బాధపడు పసిబిడ్డలకు వాడి, 1948లో ఫలితములను ప్రకటించెను; తాత్కాలికముగా నైనను ఆ వ్యాధి ఔషధమునకు లొంగుట అదియే మొదలు. ఆ జాతిదే యైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకును, కీళ్లవాతమునకును ఇచ్చుచున్నారు. డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టినుండి ఆరియోమైసిన్‌ను సాధించినదియు ఈ ప్రయోగశాలలోనే. ఇక హెట్రజాన్. బోదకాలునకు మందు. కాలువలు, గుంటలు, దోమలు గల గోదావరీ లంకగ్రామములలో, తీరప్రాంతములలో, మోకాలివఱకు వాచిన కాళ్లతో నడచువారిని చూడని బాలుడు ఆ దినములలో ఉండడు. సముద్రముల కావల కూర్చుండి సిద్ధముచేసిన మందు మరల వారి మండలపు పల్లెలకే వచ్చి చేరినది.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున, నిద్రలోనే వారు కన్నుమూసిరి. దేశము విడిచిననాటి నుండి మరల స్వదేశము చూడలేదు. భార్య శేషగిరిగారిని మరల చూడలేదు. పుట్టిన బిడ్డ పసితనముననే పోయినాడు. విదేశగ్రంథములలో వారి పేరు సుబ్బారావు మాత్రమే. పాశ్చాత్యులు చివరి పదమునే వంశనామముగా గ్రహింతురు గనుక, మ్రొక్కుబడి పేరు ప్రపంచమంతట నిలిచి, యల్లాప్రగడ యనునది ఒక ‘వై’ యై మిగిలినది. ఫిస్క్ సుబ్బారావు పద్ధతితో ప్రతిదినము భాస్వరమును కొలుచుచు ఆ సుబ్బారావు భీమవరమున పుట్టినవారని యెఱుగని తెలుగు విద్యార్థులు ఎందఱో! 1995లో, శతజయంతికి, భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించినది.

అదే యేట పుట్టిన నండూరివారి కీర్తి దీనికి సరిగా విపర్యాసము. తెలుగునేల వెలుపల ఆ పేరు తెలిసినవారు కొలదిమంది. తెలుగునేలమీద తెలియనివారు లేరు. మదరాసు క్రైస్తవకళాశాలలో చదువుకొను దినములలో, 1917, 1918 ప్రాంతమున, ఎంకి వారికి దర్శనమిచ్చినది. ఎంకి పాటలు 1925లో గ్రంథరూపమున వచ్చినవి. పల్లెపడుచు, ఆమె నాయుడుబావ. వారి పలుకుబడి, వారి యలుక, వారి తోటలు, వారి దీపము. పండితుల భాషను ప్రక్కకు పెట్టి పామరుల నోటిమాటను పాటగా మలచి, దానిచేత శృంగారము నంతటిని పలికించుట సాహసమే. కొందఱు పండితు లాక్షేపించిరి. జనులు మాత్రము పాడుకొనిరి. బసవరాజు అప్పారావుగారు వంటి బంధుమిత్రులు ఆ పాటలను సభలలో పాడి ఊరూర వ్యాపింపజేసిరి. కవిగారు ఏలూరులో న్యాయవాదవృత్తి చేసికొనుచు, ఎంకికి సంబంధించిన మఱికొన్ని పాటలను తీరికగా వ్రాసికొనుచు, 1957లో స్వర్గస్థులైరి. ఒక్క చిన్నపుస్తకముతో ఇంత చిరస్థాయిగా నిలిచిన కవి ఆధునికసాహిత్యమున మఱియొకరు లేరని నా నమ్మకము.

కవులలో సుబ్బారావు అనినపుడు రాయప్రోలువారిని విడువరాదు. గోదావరీమండలము వారు కాకున్నను, బాపట్ల ప్రాంతమున 1892లో పుట్టి, తృణకంకణము వెలువరించి భావకవిత్వమునకు దారి తీసినవారు వారే. పిదప హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగు బోధించిరి. అమలినశృంగారమని వారు చెప్పినదానికిని, ఎంకికిని మధ్య ఎంత దూరమో! మూడేండ్ల తేడాలో పుట్టిన ఇద్దఱు సుబ్బారావులలో ఒకరు ప్రేమను దేహమునుండి తప్పించి ఆకాశమున నిలుపగా, మఱియొకరు దానిని చేలగట్టుమీదికి నడిపించుకొని వచ్చిరి. భావకవిత్వమునకు ఈ రెండు పాదములును కావలసియుండెను.

ఎన్. సుబ్బారావు అని పేరులపట్టికలో చూచువాడు ఇప్పుడు ఏమనుకొనవలెను? న్యాపతివారా, నండూరివారా? నండూరి అని పూర్తిగా వ్రాసినను చిక్కు తీరదు. విజయవాడ ఆకాశవాణి నాటకములలో తన కంఠముతో ఇంటింటికి ఆప్తుడైన నటుడు నండూరి సుబ్బారావుగారు మఱియొకరు. కె. సుబ్బారావు అన్నచో హిందూపురపు దేశభక్తుడు కల్లూరు సుబ్బారావుగారా, సర్వోన్నతన్యాయస్థానపు కోకా సుబ్బారావుగారా? పట్టికలు కూర్చువారికి ఇది చిన్నవిషయముగా తోచవచ్చును గాని, ఒకరి పని మఱియొకరి ఖాతాలో పడుటయు, ఇద్దఱు కలసి ఒకరగుటయు ఇట్లే సంభవించును. ఇంటిపేరులు పూర్తిగా అచ్చువేయుటకు పట్టు సిరా ఎంత?

కోకా సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. మదరాసులో న్యాయవాదియై, కొన్నాళ్లు బాపట్లలో మునసబుగా పనిచేసి, 1948లో మదరాసు హైకోర్టు న్యాయాధిపతియైరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు ఏర్పడినపుడు దానికి ప్రథమ ప్రధానన్యాయాధిపతి వీరే. రెండేండ్లకు తెలుగువారందఱును ఒక రాష్ట్రముగా కూడినపుడు హైదరాబాదులోని హైకోర్టుకును వీరే ప్రథములు. 1958లో సర్వోన్నతన్యాయస్థానము చేరి, 1966 జూన్ 30న భారతదేశపు ప్రధానన్యాయాధిపతి పదవి నధిష్ఠించిరి. ప్రాథమికహక్కులను హరించుటకు పార్లమెంటునకు అధికారము లేదని 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆఱుగురు తీర్పుచెప్పిరి; ఆ పక్షమునకు నాయకులు వీరు. ఏప్రిల్ నెలలో పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి జాకీర్ హుస్సేనుగారితో పోటీచేసిరి. జాకీర్ హుస్సేనుగారికి 4,71,244, వీరికి 3,63,971 వోట్ల విలువ లభించినది. ప్రధానన్యాయాధిపతి ఎన్నికలలో నిలుచుట తగునా యని ఆనాడు దేశమంతట చర్చ జరిగెను. నాకు కూడ ఆ నిర్ణయము రుచింపలేదు. గోలక్‌నాథ్ తీర్పును 1973లో కేశవానందభారతి తీర్పు తోసివేసినదనుటయు నిజమే. కాని హద్దు లేని అధికారము పార్లమెంటుకు లేదను మూలభావము వేఱు రూపమున నిలిచినది.

వీరి పనిలో నేను శ్రేష్ఠమైనదిగా నెంచునది గోలక్‌నాథ్ కాదు. 1962లో ఖరక్‌సింగ్ అను నొక సామాన్యుని యింటిచుట్టు పోలీసులు రేయింబవళ్లు నిఘా వేయగా అతడు సర్వోన్నతన్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. అర్ధరాత్రి తలుపుతట్టుట తప్పని అందఱును అంగీకరించిరి గాని, ఏకాంతముగా బ్రతుకుట ప్రత్యేకమైన హక్కు కాదని అధికసంఖ్యాకులు చెప్పిరి. కోకావారు జె. సి. షా గారితో కలసి విభేదించి, మనిషి స్వాతంత్ర్యములో ఆ హక్కు అంతర్భాగమని వ్రాసిరి. అది అల్పసంఖ్యాకుల అభిప్రాయము గనుక ఆనాటికి చట్టము కాలేదు. ఏబదియైదేండ్లకు, 2017 ఆగస్టులో, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకకంఠముగా వారి మాటయే సరియని నిర్ణయించినది. 1976లో గతించిన ఆయన దానిని చూడలేదు.

ఆదుర్తి సుబ్బారావుగారును రాజమహేంద్రవరమువారే; 1912లో జన్మించిరి. 1954లో అమరసందేశముతో దర్శకుడై, తోడికోడళ్లు, మంచిమనసులు మొదలగు చిత్రములతో తెలుగు కుటుంబపు సుఖదుఃఖములను తెరపై నిలిపిరి. 1964నాటి మూగమనసులు చిత్రమున కథానాయకుడు పడవవాడు. గోదావరియే ఆ కథకు ఆధారము. అదే కథను వారే హిందీలో మిలన్ అను పేర తీసిరి. క్రొత్తవారితో తీసిన తేనెమనసులు, లాభమాపేక్షింపక తీసిన సుడిగుండాలు, మరోప్రపంచం వారి ధైర్యమునకు సాక్ష్యములు. 1975లో వారు పోయిరి.

తరువాతి తరమున ఈ పేరు పలుచబడినది. 1949లో ఏలూరున పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు 2008 సెప్టెంబరులో, ప్రపంచమంతట బ్యాంకులు కూలుచున్న సమయమున, రిజర్వుబ్యాంకు గవర్నరు పదవి స్వీకరించి అయిదేండ్లు నిర్వహించిరి. వారి ఇంటిపేరును మన పత్రికలు పూర్తిగా వ్రాసినవి. అది చూచి సంతోషించినవారిలో నేనొకడను. నేటి బడులలో హాజరుపట్టీ పిలుచునపుడు సుబ్బారావు అను పేరు వినబడుట అరుదు. షష్ఠితీర్థములు మాత్రము తగ్గలేదు. మోపిదేవిలో పుట్టువెండ్రుకలు తీయించువారు వెనుకటివలెనే బారులు తీరి నిలుచుచున్నారు. అచ్చట మ్రొక్కి కన్న బిడ్డలకు ఇప్పుడు కార్తికేయ యనియు, షణ్ముఖ యనియు, స్కంద యనియు పేరులు పెట్టుచున్నారు.